పెదవికి తెలిసిన బిగువు

మా పక్క మంచం భాయ్ పోయిన మంగళవారం తెల్లవారుజామున కన్నుమూశారు. సముద్రం ఒడ్డున ఉన్న కుష్టు ఆసుపత్రి నుంచి కాంపౌండరు మా ఊరు కోవూరు దాకా వచ్చి ఆ కబురు చెప్పి వెళ్ళాడు. సొంత అన్న పోయినట్టు ఏడ్చాను. మా వాళ్ళు వింతగా చూశారు. చూస్తే చూడనీ.

పంతొమ్మిది వందల యాభైల చివర్లో నన్ను అక్కడ చేర్చారు. వీపు మీద ఒక మచ్చ, అంతకుమించి ఏమీ లేదు. కానీ పెద్దరోగం అన్న మాట చాలు, మనిషిని కంచె లోపలికి తోసెయ్యడానికి. పక్క మంచం మీద ఉన్న భాయ్ అల్లూరులో దర్జీ. సూది వేలిలో దిగినా తెలియలేదట, గుడ్డకు నెత్తురు అంటితే చూసుకున్నారట. "పెండ్లి చొక్కా అబ్బయ్యా, పాడైపోయినాది" అని తల కొట్టుకునేవారు. చేతులు పోతున్నాయని కాదు, చొక్కా పోయిందని ఆయన బాధ!

దొరసాని నర్సు ఒకామె తన దేశానికి వెళ్ళిపోతూ గిటారును వార్డుకు వదిలేసింది. అది నైలాన్ తీగల గిటారు. నా వేళ్ళకు స్పర్శ ఉంది కనుక వాయించడం నా వంతు, ముడులు తెలిసిన దర్జీ కనుక తీగలు కట్టడం భాయ్ వంతు అయ్యాయి. లావు తీగల మీద లోహపు చుట్టు గరుగ్గా ఉంటుంది, గిటారు పొట్ట మీది చెక్కబద్దకు ఒక్క మెలిక వేస్తే నిలుస్తాయి. సన్నవి నున్నన. మూడు మెలికలు వేసి, కొసను కింద నొక్కి పట్టకపోతే జారిపోతాయి. ఇదంతా ఆయన రెండు తీగలు పాడుచేసుకుని నేర్చుకున్నదే.

"ఆరూ ఒక్కసారి విప్పబాకు. ఒకటి తీసి ఒకటి కట్టు. లేకపోతే చెక్క బెదిరిపోద్ది" అనేవారు. కొత్త తీగ సాగి సాగి శ్రుతి తప్పుతుంటే నేను విసుక్కునేవాణ్ణి. "కొత్తల్లుడు మాదిరి అబ్బయ్యా, నాలుగు దినాలు దాని మాట నమ్మబాకు" అని నవ్వేవారు. ఆ వార్డులో నవ్వు వినపడిందంటే అది భాయ్ మంచం దగ్గరే.

బిరడా తిప్పుతూ తీగ ఎంత బిగిసిందో ఆయన వేళ్ళు చెప్పలేవు. అందుకని వంగి, కింది పెదవిని తీగకు ఆనించి చూసేవారు. దారాన్ని పెదవుల మధ్య తడిపే అలవాటు ఎటూ ఉన్నదే. "ఈడ ఇంకా ప్రాణముండాది" అనేవారు, పెదవి చూపించి.

నర్సు ఇచ్చిన తీగలు అయిపోయాక పక్కనున్న పట్టపుపాళెం జాలర్లు గాలానికి వాడే నైలాన్ తీగ ఇచ్చారు. ఇచ్చారంటే, మా చేతులు తగలకుండా కంచె మీదుగా విసిరారు. అది మరీ జారుడు. మూడు మెలికలకూ ఆగలేదు. కొసన ముడి వేసి చూశాం, చొక్కా గుండీ గుచ్చి చూశాం. చివరికి భాయ్ అగ్గిపుల్ల గీసి కొసను కరిగించారు. అది చల్లారి గింజలా గట్టిపడింది. ఇక రంధ్రంలోంచి జారలేదు.

తర్వాత కొన్నాళ్ళకు డాక్టరు ఆయనతో చెప్పారు: రోగం పూర్తిగా పోయింది, చేతుల మీద పుండు లేకపోతే శుక్రవారం ఇంటికి పంపిస్తాను. తమ్ముడు వచ్చి తీసుకుపోతానని కబురు చేశాడు. భాయ్ ఆ వారమంతా చేతులను బాలింత బిడ్డను చూసుకున్నట్టు చూసుకున్నారు. గురువారం సన్న తీగ ఒకటి తెగింది. "నేను పొయ్యేలోపల నీకు ఆరూ సరిగ్గా ఉండాల" అని కూర్చున్నారు. అగ్గిపుల్ల గీశారు. దారపు కొసను నలిపే దర్జీ అలవాటు కొద్దీ, కరిగిన కొసను రెండు వేళ్ళ మధ్య నలిపారు. చర్మం కాలిన వాసన వచ్చి నేను "భాయ్, వేలు!" అని అరిచాను. ఆయన ఇంకా గింజ కుదిరిందా లేదా అని తీగకేసి చూస్తున్నారు.

శుక్రవారం తమ్ముడు గేటు దగ్గరే ఆగాడు. కట్టు కట్టిన చేయి చూశాడు.

"ఇంకా తగ్గలేదు గదన్నా."

"అగ్గి గాయంరా ఇది. రోగం గాదు!"

"ఇంట్లో చిన్నపిల్లోళ్ళుండారు. పూర్తిగా మాననీ, వస్తా."

గాయం మానింది. తమ్ముడు రాలేదు. గేటుకు తాళం లేదు, అదే అసలు కష్టం. ఉంటే ఆ తాళాన్నయినా తిట్టుకునేవాళ్ళం. నాకు నయమై పంపించేసినప్పుడు భాయ్‌ను మా ఇంటికి రమ్మని బతిమాలాను. "మీ ఊరికి నేనెందుకు అబ్బయ్యా? నా ఊరు నాకుండాది" అన్నారు. ఆ తర్వాత ఏటా వెళ్ళి చూసి వచ్చేవాణ్ణి. ఆయన మళ్ళీ అగ్గిపుల్ల ముట్టలేదు. ఎప్పుడు వెళ్ళినా కిటికీ వెలుగులో చేతులు తిప్పి తిప్పి చూసుకుంటూ కనిపించేవారు. "వాడు ఎప్పుడొస్తాడో ఏమో" అనేవారు.

మంగళవారం నేను వెళ్ళేసరికి తమ్ముడు వచ్చి ఉన్నాడు. అతని జుట్టూ నెరిసింది. ఆఖరి స్నానం చేయించడానికి వార్డు మనుషులు ముందుకు వస్తే వద్దని, తనే చొక్కా చేతులు పైకి మడిచాడు. నేను నీళ్ళు తోడి గుమ్మం దాకా అందించాను. అతను అన్న కుడిచేయి ఒళ్ళో పెట్టుకుని, వంకరపోయిన వేళ్ళను ఒక్కొక్కటే విప్పి, ఇటు తిప్పి, అటు తిప్పి, మళ్ళీ తిప్పి చూశాడు. ఎక్కడా చిన్న పుండు కూడా లేదు. పక్కన పెట్టిన బకెట్టు ఒరిగి నీళ్ళన్నీ కాళ్ళ కింద పారిపోతున్నా, అతను ఆ చేయి వదల్లేదు.