దించని గంప

నిన్న మనుమరాలి పుట్టినరోజని పాయసం వండుతూ సారపప్పు పొట్లం విప్పాను. పిడికెడు పప్పుకు కొట్టువాడు చెప్పిన ధరకు కళ్ళు తేలేసిన మాట నిజమే గానీ, వెంటనే జింగనూర్ పెద్దత్త గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఆమె మాకు చుట్టం కాదు, జింగనూర్ అనే అడవిపల్లెలో గోండుల ఇల్లాలు. మా ఊరు సిరోంచలో వారం వారం జరిగే అంగడికి వచ్చినప్పుడల్లా మా అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు తాగేది. మా అత్తగారు ఆమెను అక్కా అని పిలిచేది కాబట్టి కొత్త కోడలినైన నాకు పెద్దత్త అయింది. ఎనభైల నాటి మాట. మనిషి పొట్టి, మాట తక్కువ, పట్టు మాత్రం ఉడుంపట్టు.

ఆ రోజుల్లో మా అంగడిలో ఒక ఆనవాయితీ ఉండేది. అడవి నుంచి నెత్తిన గంపతో వచ్చిన మనిషికి ఎవరు చేయి వేసి గంప దించితే సరుకు వాళ్ళదే. అందుకని సావుకారి మనుషులు పొద్దున్నే ఊరి బయట నిలబడి, "అక్కా, బరువున్నది, దించుత" అని ఎదురొచ్చేవాళ్ళు. అంత ప్రేమ అత్తవారింట్లో నాకు కూడా దొరకలేదు. గంప దిగాక ధర వాళ్ళు చెప్పిందే. మండుటెండలో సారపప్పు ఉండే మొర్రిపండ్లు ఏరి, నానబెట్టి, రుద్ది కడిగి ఎండబెట్టిన సారపలుకులు ఉప్పుకూ, ఒక ముతక చీరకూ పోయేవి.

ఆ ఏడు పెద్దత్త ఎద్దుల్లో ఒకటి చచ్చిపోయింది. వానలు పడేలోపు ఇంకోటి కొనకపోతే దున్నడం లేదు, దున్నకపోతే తిండి లేదు. ఇంటిల్లిపాదీ ఏరిన పలుకులే ఆమెకు ఆధారం. మొదటి గంప ఎత్తుకుని, దారిలో ఎవరినీ చేయి వేయనివ్వకుండా, తిన్నగా సావుకారి ముందుకొచ్చి నిలబడి ధర అడిగింది. నేను పక్కనే వంకాయలు బేరం చేస్తున్నాను. పెద్దత్త ధర విని, "అహేరిల ఎంతున్నది?" అంది.

"ఆడ గూడ గిదే ధర అక్కా. ఊకె పరేషాన్ గాకు," అన్నాడు సావుకారు నవ్వుతూ.

"అయితె చూసొస్త," అని వెనక్కి తిరిగింది.

అహేరి మా తల్లిగారి ఊరు. దారి చూపించే సాకుతో నేనూ బయల్దేరాను. సర్కారు వారి ఎస్టీ బస్సులో పెద్దత్త గంపను ఒళ్ళో పెట్టుకుని, పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుని కూర్చుంది. అహేరిలో ఏ కొట్టులో అడిగినా మా సావుకారి ధరకు రెట్టింపు చెప్పారు. సంబరపడి, "ఈడ్నే అమ్మెయ్యి అత్తా" అన్నాను.

"ఇంట్లున్నయన్నీ బస్సుల మోసుకొస్తనా? మా ఊరోల్లు ఎవలకమ్ముకోవాలె? ఆ ధర ఆడ్నే ఇప్పియ్యాలె," అని గంపతోనే తిరుగు బస్సెక్కింది. నాకు ఒళ్ళు మండింది. ఓ పక్క మబ్బులు పడుతుంటే చేతికొచ్చిన డబ్బు కాదంటుందేమిటని దారంతా ముఖం తిప్పుకుని కూర్చున్నాను.

మరుసటి అంగడికి జింగనూర్ ఆడవాళ్ళంతా ఆమె వెనక వచ్చారు. సావుకారి కొట్టు ముందు నిలబడ్డారు, ఒక్కరూ గంప దించలేదు. అతను నవ్వి చూశాడు, చాయ్ తెప్పించాడు, చివరికి కసిరాడు.

"వానొస్తె పలుకులు ఖరాబైతయి. నాకేంది?"

"కానియ్యి. అహేరి ధర చూసొచ్చినం. మా కోడలు సుత చూసింది," అంది పెద్దత్త.

అంగడంతా నావైపు తిరిగింది. ఆ సావుకారి కొట్టు నుంచే మా ఇంటి సరుకులన్నీ వచ్చేవి. భయమేసినా, "అవును, రెట్టింపున్నది," అన్నాను గట్టిగానే. అంగడికొచ్చిన మా అత్తగారు నా పక్కకొచ్చి నిలబడింది. అప్పుడు నాకు భయం పోయింది.

పొద్దు వాలేదాకా మెడలు బిగబట్టి అలాగే నిలబడ్డారు. సావుకారు ఆఖరికి, అహేరి ధరలో బస్సు కిరాయి మేరకు తగ్గించి ఇస్తానని ఒప్పుకున్నాడు. అప్పుడు పెద్దత్త తన గంప తానే దించుకుంది. తొలకరికి ఎద్దు వచ్చింది. ఒక కొమ్ము విరిగిన ముసలిదే, అయినా ఆ ఏడు పొలం దున్నింది.

ఇప్పుడు ఏ ఊరి ధరైనా ఫోనులో క్షణంలో తెలుస్తుంది. ఆ ధర ఇచ్చేదాకా నిలబడటానికి మాత్రం అప్పుడెంత సేపు పట్టిందో ఇప్పుడూ అంతే పడుతుంది.