పాడె మీంచి లేచి నవ్విన వేషం

ఆ రోజుల్లో ఫిల్మ్‌నగర్‌లో ఇళ్లకన్నా బండరాళ్లు ఎక్కువ, బండరాళ్లకన్నా వేషాల కోసం తిరిగే మాలాంటివాళ్లు ఎక్కువ. మిగతావాళ్లు హీరోలవుదామని వచ్చారు. నేను మాత్రం నన్ను చూసి జనం పరిగెత్తని చోటు వెతుక్కుంటూ వచ్చాను. పన్నెండేళ్లప్పుడు విషజ్వరంతో పోయాననుకుని పాడె మీద పడుకోబెడితే, ఎత్తబోయే ముందు లేచి కూర్చుని మంచినీళ్లడిగాను. (అడిగింది మంచినీళ్లే, ఎవరి ప్రాణమూ కాదు.) వీధి వీధంతా ఖాళీ. నీళ్లు నేనే తోడుకుని తాగాను. ఆ తర్వాత బడిలో నా బెంచీ మీద నేనొక్కణ్ణే. అమ్మానాన్నా లేని నన్ను పెంచిన మేనమామ కూడా గుమ్మం అవతలినుంచే మాట్లాడేవాడు.

షేక్‌పేటలో కిరాయి గది తీసుకున్నాక, నా కంచంలో చెయ్యిపెట్టి తినే స్నేహితులు దొరికారు. పాడె సంగతి తెలిస్తే వీళ్లూ పోతారని ఒకటే భయం. అలాంటి నాకు మొదట దొరికిన వేషం ఏమిటనుకున్నారు? దెయ్యం సినిమాలో శవం! జూబ్లీహిల్స్‌లో ఒక బంగళా ముంగిట, మిట్టమధ్యాహ్నం షూటింగు. సినిమావాళ్లకో ఆచారం ఉంది. శవం వేషం వేసినవాడు షాట్ అయ్యాక, కెమెరా ఆపకముందే, దానివైపు చూసి నవ్వాలి. నవ్వకపోతే అరిష్టం. సరే, నాకు అనుభవం ఉంది కనక కదలకుండా పడుకున్నాను. డైరెక్టరుగారు "వీడు పుట్టుశవమయ్యా!" అని మురిసిపోయారు. జన్మలో నేను విన్న మొదటి మెచ్చుకోలు అదే.

కెమెరా తిరుగుతోంది. నా మెడలో దండ వెయ్యాల్సినవాడు రాలేదని, కొత్తగా చేరిన దర్జీని పంపారు. అతను వంగి నా మొహం చూసి కెవ్వుమన్నాడు. మా వీధి టైలర్ బాబాయి! ఆనాడు నా పాడె కట్టింది ఆయనే.

"అమ్మ బాబోయ్! వీడు నిజంగానే పాడె మీంచి లేచినోడండీ! నేనే కట్టానండీ!"

నేను అదిరిపడి లేచి కూర్చున్నాను. నోరెండిపోయి, మళ్లీ అదే మాట, "మంచినీళ్లు" అన్నాను. అంతే! తల్లివేషం ఆవిడ, లైట్‌బాయ్‌లు, డైరెక్టరుగారు, ఆఖరికి కాటికాపరి వేషంవాడు కూడా గేటు దాటేశారు. ఇక్కడా నా పని అయిపోయిందనుకున్నాను.

కెమెరామన్ ఒక్కడే మిగిలాడు. బోరబండ మనిషి. కళ్లు గట్టిగా మూసుకుని, కెమెరాని మాత్రం వదలకుండా పట్టుకున్నాడు.

"తమ్మీ, నువ్వు దయ్యమైతే నాకేంది గాని, జర నవ్వు! నువ్వు నవ్వకుంట నేను కెమెరా ఆపలేను. రీలు అయిపోతున్నది, నీ కాల్మొక్త!"

నాకు ముందు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే నవ్వాను. ఆయన ఒక కన్ను తెరిచి చూశాడు, కెమెరా ఆపాడు, కూజాలోంచి గ్లాసు నింపి తెచ్చి నా చేతికిచ్చాడు.

"తాగు. అడిగినవు గద."

అది చూసి గేటు దాటినవాళ్లూ ఒక్కొక్కరే లోపలికొచ్చారు.

ఆ తర్వాత ఎన్ని సినిమాల్లో చచ్చానో గుర్తులేదు గాని, ప్రతిసారీ నవ్వాను. పాడె మీద దిక్కులు చూస్తూ కూర్చున్న ఆ పన్నెండేళ్లవాణ్ణి తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ జాలేస్తుంది. నవ్వాలని వాడికెవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే, మా మామయ్య గుమ్మం దాటి లోపలికి వచ్చేవాడేమో.