చివరి అక్షరం దాకా

2023 వర్షాకాలం. ఏలూరులో నేను పనిచేసే ఆసుపత్రికి సుందరరావు మాస్టారిని చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. మండవల్లి దగ్గర ఒక హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. ఆయనకు వచ్చింది మోటార్ న్యూరాన్ డిసీజ్. కండరాలను కదిలించే నరాలు క్రమంగా చచ్చిపోయే జబ్బు. అప్పటికే మాట పోయింది, చేతులు పోయాయి. బుద్ధి మాత్రం చెక్కుచెదరలేదు. ఆ బుద్ధికి మిగిలిన దారి కళ్లు.

నేను స్పీచ్ థెరపిస్టుని. మాట తిరిగి వచ్చే చోట మాట నేర్పుతాను, రాని చోట మరో మార్గం వెతుకుతాను. మాస్టారికి లెటర్ బోర్డు తయారు చేశాను. అట్ట మీద అక్షరాలు వరుసలుగా ఉంటాయి. ముందు ఒక్కో వరుసా, తర్వాత అందులో ఒక్కో అక్షరమూ వేలితో చూపిస్తూ పోతాం. కావలసిన చోట ఆయన కళ్లు పైకెత్తుతారు, కాదంటే మూస్తారు. తెలుగు బోర్డు కూడా చేశాను గానీ గుణింతాలూ ఒత్తులూ వెతికేసరికి ఆయన అలసిపోయేవారు. ఇంగ్లీషే కావాలన్నారు.

మాట మొదలుపెట్టే ముందు అందులో ఎన్ని అక్షరాలున్నాయో కళ్లెత్తుతూ లెక్క చెప్పేవారు. ఎందుకలా అని అడిగితే ఆయన భార్య కరుణమ్మగారు నవ్వారు. శుక్రవారం ఆఖరి పీరియడులో మాస్టారు నల్లబల్ల మీద గళ్లు గీసి, రెండు మూడు అక్షరాలిచ్చి, అవి వచ్చేలా అన్ని గళ్లకూ సరిపోయే ఇంగ్లీషు మాట చెప్పమనేవారట. చెప్పినవాడు ముందుగా ఇంటికి పోవచ్చు.

ఆ ఆట మా వార్డులో మళ్లీ మొదలైంది. చూడటానికి కొల్లేరు ఊళ్ల నుంచి పాత విద్యార్థులు వచ్చేవారు. చేపల చెరువులు చేసుకునేవాళ్లు, పెళ్లీడు పిల్లలున్నవాళ్లు. నేను రెండక్షరాలు చదివానో లేదో, పోటీపడి మాట చెప్పేసేవారు. ఒకాయన ఆ అక్షరాలు ఫోనులో కొట్టి, సరిపోయే మాటలన్నీ వరసగా చదివేవాడు.

"అప్పట్లో ఎప్పుడూ ఆఖర్న ఇంటికెళ్లేవాణ్ణండి మాస్టారూ. ఇప్పుడు ఫస్టు నేనేనండి."

"ఫోను చూసి చెప్తే కాపీ కొట్టినట్టేరా," అన్నాడు పక్కవాడు. "మాస్టారికి చెయ్యి లేస్తేనా, నీ చెవి ఉండేది కాదు."

మాస్టారి కళ్లు నవ్వేవి.

అందరికంటే ముందు చెప్పేసేది కరుణమ్మగారే. మొదటి అక్షరానికే ఆయన మనసు ఆవిడకు తెలిసిపోయినట్టుండేది. ఆయన కాదని కళ్లు మూస్తే, అలసిపోయారనుకుని తన మాటే ఖాయం చేసేవారు. ఒక రోజు ఆరక్షరాల మాట, మొదటిది పి. "ప్రేయర్," అన్నారావిడ. మా ఇద్దరిదీ ఒకే సంఘం. ఆవిడ మోకరించి స్వస్థత కోసం కన్నీళ్లతో ప్రార్థించారు, నేను ఆమెన్ అన్నాను. తర్వాత బోర్డు మళ్లీ చూపిస్తే అది పిల్లో అని తేలింది. దిండు జారిపోయి, ప్రార్థన సాగినంతసేపూ ఆయన మెడ పక్కకు వేలాడుతూనే ఉంది.

చివరి అక్షరం వచ్చేదాకా ఎవరూ మాట ఊహించకూడదని ఆ రోజే నియమం పెట్టాను. విద్యార్థులు ఒప్పుకున్నారు. కరుణమ్మగారు ఊ అనలేదు.

తర్వాత ఊపిరి అందడం తగ్గింది. ఇక ట్రాకియాస్టమీ చేయాలన్నారు డాక్టరుగారు. అంటే గొంతుకు రంధ్రం చేసి గొట్టం పెట్టి, వెంటిలేటరు మీద ఉంచడం. ఉన్నన్నాళ్లూ ఆ యంత్రమే ఊపిరి. వద్దంటే, ఆయాసం తెలియకుండా మందులిస్తూ సాగనంపడం. తేల్చుకోవలసింది మాస్టారే కాబట్టి మర్నాడు ఆయన్నే అడుగుదామన్నారు.

ఆ సాయంత్రం కరుణమ్మగారు నా గదికి వచ్చారు. ఉపవాసంలో ఉన్నారు, పెదాలు ఎండిపోయాయి.

"మీరూ విశ్వాసులే కదమ్మా. రేపు ఆయన ఏమన్నా సరే, మిషను పెట్టమన్నారని డాక్టరుగారితో చెప్పండమ్మా. దేవుడు కార్యం చెయ్యాలంటే ఊపిరైనా మిగలాలి కదా."

దేవుడు కార్యం చేయగలడని నేనూ నమ్ముతానన్నాను. "కానీ ఆయన నోట్లో నా మాట పెట్టలేనండి."

"మీరు కాకపోతే ఆ కళ్లు ఎవరికి తెలుస్తాయమ్మా?"

"మీకు తెలుస్తాయండి. రేపు బోర్డు మీరే పట్టుకోండి."

నేను చదివితే ఆవిడ ఏనాటికీ నమ్మరు. అందుకే అలా అన్నాను.

మర్నాడు డాక్టరుగారు రెండు దారులూ నిదానంగా వివరించారు. మాస్టారు లెక్క చెప్పారు, ఆరు. కరుణమ్మగారి వేలు కదిలింది. ఇ. ఎన్. ఓ. యు. జి. డాక్టరుగారు తల దించుకున్నారు. నేను ఆఖరి అక్షరం కోసం బోర్డు వైపే చూశాను.

"ఆఖరిది ఏంటోనండి, నాకు తెలియడం లేదు," అన్నారావిడ.

మొదటి అక్షరానికే మాట చెప్పే మనిషి. వేలు హెచ్‌ను ముట్టకుండా దాటిపోయింది. మిగిలిన అక్షరాలన్నిటికీ మాస్టారు ఓపిగ్గా కళ్లు మూస్తూ వచ్చారు. వరుసలు అయిపోయాయి. ఆవిడ మళ్లీ మొదటినుంచి వచ్చి, మళ్లీ దాటేశారు. ఆయన మళ్లీ మూస్తూ వచ్చారు. వార్డంతా ఆయన ఊపిరి శబ్దమే. మూడోసారి వేలు అక్కడ ఆగింది. కళ్లు పైకి లేచాయి.

ఆవిడ అట్ట ఒళ్లో పెట్టుకుని, "ఇనఫ్," అని చదివారు. తర్వాత ఆయన మొహం దగ్గరకు వంగి, "చాలాండీ?" అన్నారు.

కళ్లు మళ్లీ లేచాయి.

"అలాగేనండి," అన్నారు కరుణమ్మగారు.

కొద్ది రోజులకే మాస్టారు ఇంట్లో ప్రభువునందు నిద్రించారు. ఆయాసపడలేదు. విశ్వాసం చాలక పోయాడని సంఘంలో కొందరన్నారు. కరుణమ్మగారు చాలాకాలం నాతో మాట్లాడలేదు.

కొత్తగా బోర్డు తీసుకునే ప్రతి కుటుంబానికీ ఇప్పుడు ముందే చెబుతున్నాను. రోగి చెప్పేది మీరు కోరుకున్నది కాకపోవచ్చు, అయినా వేలు ఏ అక్షరాన్నీ దాటకూడదని. స్వస్థత కోసం నేనిప్పటికీ ప్రార్థిస్తాను. అయితే ఏమని ప్రార్థించమంటారో ముందు రోగిని అడుగుతున్నాను. కొందరు అడిగేది స్వస్థత కాదు. దేవుని ముందు వాళ్లడిగిందే అడుగుతాను. అది నాకు ఇప్పటికీ కష్టమే.