పెదనాన్న వాళ్ల వైపు తలుపు

పోయిన వారం మా ఫ్లాటుకి టైల్స్ కాంట్రాక్టర్ వచ్చాడు. సెల్‌ఫోన్‌లో రకరకాల నేలలు చూపించాడు. అన్నీ ఒకలాగే ఉన్నాయన్నానని కొంచెం నొచ్చుకుని, "పాతవి పీకెయ్యాలా మేడమ్, వాటి మీదే వేసెయ్యాలా? మీదేసేస్తే తొందరగా అయిపోద్ది, దుమ్మూ ఉండదు" అని అడిగాడు. నేను లేచి ఇంట్లో ఉన్న తలుపులన్నీ ఒక్కొక్కటీ తీసి, వంగి, కింద ఎంత సందుందో చూడ్డం మొదలుపెట్టాను. నా నడుం సంగతి తెలిసిన మా ఆయన కంగారుపడ్డాడు. ఆ కాంట్రాక్టర్ ఏ ఉంగరమో పడిపోయిందనుకుని తనూ వంగి వెతికాడు. "పీకెయ్యి నాయనా, దుమ్ము పర్లేదు" అన్నాను. ఎందుకో చెప్పలేదు. చెప్పాలంటే అనకాపల్లిలో మా ఇంటి దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

అది తాతయ్య కట్టించిన ఇల్లు. ఆయన పోయాక పెదనాన్న, నాన్న మధ్యలో గోడ పెట్టుకుని రెండు వాటాలు చేసుకున్నారు. ఒక్క మాటా తూలకుండా పంచుకున్నారని చర్చిలో పెద్దలంతా మెచ్చుకున్నారు కూడా. గోడైతే పెట్టారు గానీ అందులో ఒక తలుపు ఉంచారు. తాతయ్య ముచ్చటపడి చేయించిన టేకు తలుపు. పంపకాల్లో అది పెదనాన్న వాటాకి వెళ్లింది, తెరుచుకునేది మాత్రం మా గదిలోకి. వచ్చేపోయే కాళ్లకి తగులుతుందని దానికి గడప కూడా పెట్టలేదు. తలుపు ఎవరిదన్న ఆలోచన అప్పట్లో ఎవరికీ రాలేదు, ఎందుకంటే పగలు దాన్ని ఎవరూ మూసేవారు కాదు.

ఆ తలుపులోంచి ఎక్కువగా వచ్చేది పెద్దమ్మ. అమ్మకి చిన్నతనంలోనే తల్లి పోయింది. పెళ్లయి వచ్చిన కొత్తలో అన్నం వార్చడం దగ్గర్నుంచి, నేను పుట్టినప్పుడు నాకు నీళ్లు పోయడం దాకా అన్నీ పెద్దమ్మే. తోడికోడళ్లంటే ఎలా ఉంటారో నేను బళ్లో స్నేహితులు చెబితే విని ఆశ్చర్యపోయేదాన్ని. పూడిమడక నుంచి చేపలగంప ముందు పెద్దమ్మ అరుగు మీదే దిగేది. బేరం ఆవిడది, తోమడం ఆవిడది, సగం ముక్కలు పసుపు రాసి గిన్నెలో పెట్టుకుని తడి చేతుల్తోనే తలుపులోంచి వచ్చేది. వచ్చిన మనిషి వెంటనే వెళ్లేది కాదు. మా ఎర్రగచ్చు మీద కాళ్లు జాపుకుని గోడకి ఆనుకునేది, అమ్మ ఆవిడ పక్కన చేరేది, నేను వాళ్లిద్దరి మధ్యకి దూరేదాన్ని. చింతపండు, చేపలు, కొబ్బరినూనె కలిసిన ఆ వాసన కోసం ఇప్పటికీ ప్రాణం లాగుతుంది. ఎవరికైనా చెబితే ముక్కు మూసుకుంటారు గానీ, నాకు మాత్రం అదే ఇల్లు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మా ఊరికి టైల్స్ పిచ్చి పట్టింది. అమ్మ ఎవరి గృహప్రవేశానికో వెళ్లొచ్చి రెండ్రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మా గచ్చు బీటలు వారి, నూనె రాసి తుడిచినా మెరవడం మానేసింది. అమ్మ ఏదీ కోరని మనిషి కాబట్టి ఆ ఒక్క కోరికా ఇంట్లో అందరికీ పెద్దగా వినబడింది. నాన్న సరేనన్నాడు. కాంట్రాక్టర్ కోసం వెతకాల్సిన పని లేదు, ఎస్. రాయవరంలో అమ్మకి తమ్ముడి వరసయ్యే ఒకాయన ఆ పనే చేసేవాడు. బయటివాణ్ణి పెడితే చుట్టాలు ఊరుకుంటారా?

ఆ మావయ్య స్కూటర్ డిక్కీలో టైలు ముక్కలు పెట్టుకుని గలగలమంటూ వచ్చేవాడు. భక్తిపరుడు. ప్రార్థన చెయ్యందే తాపీ పట్టనిచ్చేవాడు కాదు. ఆ ప్రార్థనలో మా నేలనీ, సిమెంటునీ, ఇసకనీ, దారిలో కనబడిన రోగులందర్నీ కలిపేవాడు. ఆమెన్ అయ్యేసరికి టిఫిన్ వేళ, టిఫిన్ అయ్యేసరికి ఎండ. పాత గచ్చు తవ్వితే ఇల్లంతా దుమ్మవుతుందని దాని మీదే వేద్దామన్నాడు. నేల రెండు వేళ్ల మందం పైకి లేస్తుంది, అంచేత తలుపుల అడుగులు కొయ్యాలి. మా తలుపులన్నీ వడ్రంగి చేత కోయించాడు. గోడలో తలుపు దగ్గరికి వచ్చేసరికి ఆగాడు.

"బావా, ఇది పెద్దబావగారిది కదా. అడిగి సెప్పు, పదినిమిషాల్లో కోయించేత్తాను" అన్నాడు.

నాన్న తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "నాన్న సేయించిన తలుపు. కోత్తానని అన్నయ్యకి నేనెలా సెప్తాను? సూత్తన్నాడు కదా, కొయ్యమని తనే అంటాడు" అన్నాడు.

పెదనాన్న చూస్తూనే ఉన్నాడు. ఆయన పెద్దమ్మతో అన్నది ఇది: "అడిగితే కాదంటానేటి? అడగాలి కదా." అమ్మా పెద్దమ్మా ఈ మాటలు అటూ ఇటూ మోశారు. మోసిన కొద్దీ అవి బరువెక్కాయి. తమ్ముడు భార్యని పంపాడని పెదనాన్నకి కష్టం వేసింది, అన్నయ్య పిలిచి చెప్పలేదని నాన్నకి కష్టం వేసింది. ఇద్దరూ ఎంత మర్యాదస్తులంటే, ఎవరూ కోపం తెచ్చుకోలేదు. కోపం వచ్చి అరుచుకుని ఉంటే సాయంత్రానికల్లా ఆ తలుపు కోసేసేవారు. మావయ్యకి పాయకరావుపేటలో ఇంకో పని తగిలింది. తలుపు మూసి, దాని అంచుదాకా టైల్స్ వేసేసి, "తరవాత వడ్రంగిని పంపుతానక్కా" అని వెళ్లిపోయాడు. వడ్రంగి నిజంగానే వచ్చాడు. అన్నయ్యని ఇంకా అడగలేదని నాన్న అతనికి కాఫీ ఇచ్చి పంపేశాడు.

తలుపు ఇక తెరుచుకోలేదు. పెద్దమ్మ మా ఇంటికి రావాలంటే వాళ్ల ఎత్తు మెట్లు దిగి, వీధిలోకి వచ్చి, మా మెట్లెక్కాలి. వీధిలోకి రావాలంటే మంచి చీర కట్టుకోవాలి, చెప్పులు వేసుకోవాలి. ఆవిడ మోకాళ్లకి ఆ మెట్లు గిట్టలేదు. కొన్నాళ్లు చేపలగిన్నె మీద పళ్లెం మూత పెట్టి పనిమనిషి చేత పంపింది. తర్వాత క్రిస్మస్‌కి, ఈస్టర్‌కి వచ్చి కుర్చీలో కూర్చుని, కేకు ముక్క తిని వెళ్లేది. అమ్మ టైల్స్ అద్దంలా తుడిచేది. తుడుస్తూ ఆ తలుపు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి నెమ్మదించేది. అవతల పెద్దమ్మ దగ్గు వినబడితే, "అక్కా, మందేసుకున్నావా?" అని తలుపుతో అనేది. "ఏసుకున్నానే" అని తలుపు బదులిచ్చేది. అమ్మకి రెండోసారి తల్లి దూరమవుతోందని నాకు అప్పుడు అర్థం కాలేదు, నాకు నా చదువు గొడవ.

కొన్నేళ్లకి పెద్దమ్మ మోకాళ్లు పూర్తిగా మొరాయించాయి. గొలుగొండలో టీచరుగా ఉన్న వాళ్లమ్మాయి దగ్గరికి వెళ్లిపోదామని అనుకున్నారు. సామాను లారీ వచ్చిన రోజు పెద్ద బీరువా వాళ్ల సందులోంచి పట్టలేదు. మా హాల్లోంచి తీసుకెళ్లాల్సిందే. నాన్నా పెదనాన్నా ఇద్దరూ కలిసి తలుపుని బందుల్లోంచి ఊడదీసి అరుగు మీద పడుకోబెట్టారు. బీరువా వెళ్లిపోయింది. తలుపు తిరిగి బిగించబోతూ నాన్న రంపం తెచ్చుకుని నిలబడ్డాడు.

"అన్నయ్యా, అడుగున కాస్త కోసెయ్యనా?"

పెదనాన్న తలుపు రెండో చివర పట్టుకుని వంగాడు. "కోసెయ్యరా. దీనికీ అడగాలేటి?" అన్నాడు.

ఇద్దరూ తలెత్తకుండా కోశారు. అమ్మ గుమ్మంలో నిలబడి ఆ రంపంపొట్టు రాలడం చూసింది. తలుపు బిగించారు. అది చప్పుడు లేకుండా మా గదిలోకి తెరుచుకుంది. అవతల నుంచి పెద్దమ్మ గోడ పట్టుకుంటూ, ఇంట్లో కట్టుకునే నేతచీరతో, వట్టి కాళ్లతో వచ్చింది. టైల్స్ మీద కూర్చుని కాళ్లు జాపుకుని గోడకి ఆనుకుంది.

"ఒలే, ఇన్నాళ్లకొచ్చేనే మీ ఇంటికి" అంది.

ప్రతి క్రిస్మస్‌కీ వచ్చిన మనిషి ఆ మాట అంది. అమ్మ ఆవిడ పక్కన కూలబడి ఏడ్చింది. లారీవాడు హారన్ కొడుతూనే ఉన్నాడు.

వాళ్లు వెళ్లాక, ఆ వాటాలోకి అద్దెకి మనుషులు వచ్చేదాకా అమ్మ ఆ తలుపు మూయలేదు. అవతలంతా ఖాళీ గదులు. ఎందుకమ్మా అంటే, "ఉండనీయే, ఇన్నాళ్లకి తెరుసుకుంది" అనేది. అద్దెవాళ్లు వచ్చిన రోజు నాన్నే గడియ పెట్టాడు. నాన్నా పెదనాన్నా ఒకరి మాట కోసం ఒకరు ఓపిగ్గా ఆగారు గానీ, వాళ్లు ఆగిన ఆ ఏళ్లే పెద్దమ్మ మా ఇంట్లో కాళ్లు జాపుకుని కూర్చోవలసిన ఏళ్లు.