రాట్నం బరువెక్కినప్పుడు

నా చిన్నప్పుడు మా పేటలో చాలా ఇళ్ళల్లో అమ్మలు ఉండేవారు కాదు. మస్కట్‌లోనో కువైట్‌లోనో ఎవరి పిల్లలకో అన్నం కలిపి పెడుతూ ఉండేవారు. రాజోలు అవతల కాలవగట్టు వెంబడి చర్చి, చర్చి చుట్టూ మా ఇళ్ళు, ఇళ్ళ వెనక కొబ్బరితోటలు. తోటలు వేరేవాళ్ళవి, వాటిలో పని మాది. ఆ పనితో గడవనివాళ్ళు ఒక్కొక్కరే ఓడో విమానమో ఎక్కేవారు.

మా అమ్మ కూడా అలాగే మస్కట్ వెళ్ళింది. నాకు చెప్పకుండా వెళ్ళింది. అదీ మా పేటలో ఒక పద్ధతే. చెబితే పిల్లలు కాళ్ళకి చుట్టుకుని ఏడుస్తారని, ఆ ఏడుపు చూస్తే ప్రయాణం ఆగిపోతుందని, వాళ్ళు నిద్ర లేవకముందే బయల్దేరిపోయేవారు. నేను లేచేసరికి అమ్మ పడుకునే చాప చుట్టి గోడకి ఆనించి ఉంది. మా మామ్మ, అంటే నాన్నవాళ్ళమ్మ, పొద్దున్నే కొబ్బరికోరులో బెల్లం కలిపి చేతిలో పెట్టింది. ఎన్నడూ లేనిది పొద్దున్నే తీపి పెట్టారంటే ఏదో జరిగిందని పిల్లలకి మాత్రం తెలియదా? తెలిసే తిన్నాను. తిన్నందుకు చాలా రోజులు నా మీద నాకే కోపంగా ఉండేది.

నాన్న రావులపాలెంలో అరటిగెలల లారీల మీద పనిచేసేవారు. ఎప్పుడో ఒక ఆదివారం వచ్చి, చర్చికి వెళ్ళి, భోంచేసి, సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయేవారు. ఆయనకి మాటలు తక్కువ. ఇంట్లో మిగిలింది నేనూ మామ్మా. మామ్మకి చెవుడు. కాబట్టి నిజం చెప్పాలంటే మిగిలింది నేనొక్కదాన్నే.

బళ్ళో నన్ను మస్కట్ పిల్ల అనేవారు. నీకేంటే, ఫారిన్ సబ్బుతో స్నానం చేస్తావు అని పెద్దవాళ్ళు కూడా సరదాగా బుగ్గ గిల్లేవారు. ఆ సబ్బు మంచి వాసనే వేసేది. అమ్మ ఒంటి మీద ఎప్పుడూ ఉండే తడి కొబ్బరిపీచు వాసన మాత్రం అందులో లేదు. సాయంత్రం ప్రార్థనలో మామ్మ, చెవిటివాళ్ళకి అలవాటే కదా, దేవుడికి కూడా చెవుడేమో అన్నంత గట్టిగా అమ్మ పేరు చెప్పి మొర పెట్టుకునేది. ఆ పేరు రాగానే నేను కళ్ళు తెరిచేసేదాన్ని. పిలిస్తే పలకనివాళ్ళ కోసం కళ్ళు మూసుకుని కూర్చోవడం ఎందుకు అనిపించేది. అమ్మ గురించి అనుకున్నానో దేవుడి గురించి అనుకున్నానో ఇప్పుడు విడదీసి చెప్పలేను.

పక్కింట్లో వరసకి దొడ్డమ్మ ఒకావిడ ఉండేది. ఆవిడా మా అమ్మా కలిసి ఆవిడ పెరట్లో కొబ్బరిపీచుతో తాడు పేనేవారు. ఆ పనికి ఇద్దరు కావాలి. ఒకరు కూర్చుని రాట్నం తిప్పాలి. రెండోవాళ్ళు ఒడిలో పీచు నింపుకుని, దాని కొస రాట్నం కొక్కేనికి తగిలించి, చేత్తో పీచు అందిస్తూ వెనక్కి వెనక్కి నడవాలి. వాళ్ళు నడిచేకొద్దీ మధ్యలో పోగు పెరుగుతుంది. దూరమవుతున్నా మొహం మాత్రం రాట్నం వైపే ఉంటుంది. అమ్మ ఉన్నప్పుడు దొడ్డమ్మ తిప్పేది, అమ్మ నడిచేది. అమ్మ వెళ్ళాక దొడ్డమ్మ నడవడం మొదలుపెట్టింది, బడి నుంచి వచ్చి నేను తిప్పేదాన్ని.

ఆ పనిలో ఒక మాట ఉంది. పోగుకి పురి ఎక్కేకొద్దీ అది బిగుసుకుని పొట్టిదవుతుంది, రాట్నం తిప్పే చెయ్యి లాగేస్తుంది. అప్పుడు తిప్పేవాళ్ళు 'బరువుగా ఉంది' అని కేకెయ్యాలి. అవతలివాళ్ళు ఒక్కడుగు ముందుకి వస్తారు. చెయ్యి తెరిపిన పడుతుంది. మళ్ళీ వెనక్కి నడుస్తారు. పొద్దుగూకేదాకా ఆ పెరట్లో వినిపించేది ఆ ఒక్క మాటే. వేరే కబుర్లు చెప్పుకునే ఓపిక ఎవరికీ ఉండదు.

ఆ రోజుల్లో మస్కట్ నుంచి సెలవు మీద వచ్చిన తాపీమేస్త్రీ గారొకాయన టేప్‌రికార్డర్ తెచ్చేరు. అక్కడున్న ఆడవాళ్ళంతా తలా కాస్త మాట్లాడి క్యాసెట్లు పంపితే ఆయన ఇంటింటికీ తిరిగి వినిపించేరు. అమ్మ గొంతు కూడా వచ్చింది. మామ్మ మందుల సంగతి, నాన్న చొక్కాల సంగతి చెప్పి, చివర్లో నా పేరు పిలిచింది. నేను లేచి వెళ్ళి కొబ్బరి డొక్కల కుప్ప వెనక కూర్చున్నాను. వెళ్ళేటప్పుడు పిలవని మనిషి ఇప్పుడు పిలుస్తుందేం అనుకున్నాను.

మేస్త్రీ గారు తిరిగి వెళ్ళే ముందురోజు అది. బడి లేదు, నేను మధ్యాహ్నం నుంచీ రాట్నం దగ్గరే ఉన్నాను. మస్కట్ తీసుకెళ్ళడానికి పేటలో అందరి మాటలూ టేపులో పట్టేసి, ఆయన టేప్‌రికార్డర్ చంకలో పెట్టుకుని దొడ్డమ్మ పెరట్లోకి వచ్చేరు. నా వంతు మిగిలిపోయిందన్నేరు. తర్వాత నన్ను వదిలేసి దొడ్డమ్మతో చెప్పేరు.

"వీళ్ళమ్మగారు అడిగేది ఈ పాప గొంతొక్కటేనండీ. అక్కడ సరిగ్గా తినడం కూడా మానేసేరండీ. ఇంకెవరి మాట పట్టుకెళ్ళినా నాకు ఆవిడ మొహం చూడ్డం కష్టమేనండీ."

నాకు ఏమయిందో తెలియదు, రాట్నం పిడి వదిలేశాను. బిగిసి ఉన్న పోగు గిర్రున వెనక్కి తిరిగింది. పురి విడిపోయి, అంతసేపు దొడ్డమ్మ నడిచిన నడకంతా పీచుపీచై నేల మీద పడింది. మేస్త్రీ గారు నొచ్చుకుని, పొద్దువాలేలోగా మళ్ళీ వస్తానని వెళ్ళిపోయేరు. అప్పుడు కూడా నేను మాట్లాడకపోతే నా మాట లేకుండానే క్యాసెట్టు వెళ్ళిపోతుంది. అది నాకు తెలుసు. వెళ్ళిపోవాలనీ ఉంది, వెళ్ళిపోతుందేమోనని భయంగానూ ఉంది.

దొడ్డమ్మ తిడుతుందనుకున్నాను. ఆవిడ చెదిరిన పీచంతా ఏరి మళ్ళీ ఒడిలో పెట్టుకుంది. నన్ను తిప్పమంది. ఈసారి కళ్ళు మూసుకుని, ప్రార్థనలో మూసుకున్నట్టు మూసుకుని తిప్పమంది. తను మాట్లాడదట, అలికిడి చెయ్యదట, తను అవతల ఉన్నదీ లేనిదీ నేనే చెప్పాలట. ఇదేదో ఆటలా ఉందని ఒప్పుకున్నాను.

తిప్పుతున్నాను. ముందు పీచు రాసుకుంటున్న చప్పుడు దగ్గరగా వినిపించింది, తర్వాత దూరమైంది, తర్వాత వినిపించనే లేదు. కాలవలో ఎవరో బట్టలు ఉతుకుతున్నారు. అంతకుమించి ఏమీ లేదు. ఆవిడ కూడా వెళ్ళిపోయిందేమో, నన్నిలా కూర్చోబెట్టి లోపలికి వెళ్ళిపోయిందేమో అనిపించింది. కళ్ళు తెరవడానికి భయం వేసింది. చెయ్యి మాత్రం లాగేస్తోంది, భుజం దాకా బరువెక్కింది. ఇక తిప్పలేననుకుంటుండగా ఉన్నట్టుండి రాట్నం తేలికైపోయింది. ఊరికే గిరగిరా తిరిగింది. కళ్ళు తెరిచి చూస్తే, పోగంతా మెలికలు పడి నేల మీద చుట్టుకుపోయి ఉంది. పెరటి చివర దొడ్డమ్మ రెండు చేతులూ చాపి, ఖాళీ అరచేతులు చూపిస్తూ నిలబడి ఉంది. ఆ పూట పనిని నేను ఒకసారి పాడుచేశాను, ఆవిడ కావాలని రెండోసారి పాడుచేసింది.

దగ్గరికి వచ్చి కూర్చుంది.

"వదిలేశానని ఎలా తెలిసింది?"

"తేలికైపోయింది."

"అంతకుముందు?"

"బరువుగా ఉంది."

"మీ అమ్మని తలుచుకుంటే లోపల ఎలా ఉంటాది నీకు? తేలిగ్గా ఉంటాదా?"

నేను తల అడ్డంగా ఊపాను.

"బరువుగా ఉంటాదా?"

"ఆయ్."

"అయితే పట్టుకునే ఉందమ్మా."

దొడ్డమ్మ కాసేపు పీచు మెలికలు విప్పుతూ కూర్చుని, ఏదో గుర్తొచ్చినట్టు ఇంకొక్క మాటంది. అమ్మ వెళ్ళిన రోజు తెల్లారగట్ల ఆవిడ మా వాకిట్లోనే ఉందట. అమ్మ నా చాప దగ్గర నుంచి గుమ్మం దాకా, గుమ్మం నుంచి గట్టు దాకా వెనక్కి నడుచుకుంటూనే వెళ్ళిందట, తాడు పేనేటప్పటిలాగే. ఇది నిజమో, నన్ను ఊరడించడానికి ఆవిడ అల్లిందో ఈ రోజుకీ నాకు తెలియదు. దొడ్డమ్మ పీచుతోనే కాదు, మాటలతోనూ గట్టి తాడే పేనేది.

మేస్త్రీ గారు మళ్ళీ వచ్చినప్పుడు నేను రాట్నం దగ్గర నుంచి లేవనన్నాను. దొడ్డమ్మ ఆయన్ని బతిమాలి టేప్‌రికార్డర్‌ని రాట్నం పక్కన పీట మీద పెట్టించింది. ఆయన మీట నొక్కేరు. నేను తిప్పడం మొదలుపెట్టాను, దొడ్డమ్మ నడిచింది. చాలాసేపు రాట్నం కిర్రుమనడం తప్ప ఏమీ లేదు. ఆయన అసహనంగా గడియారం చూసుకుంటున్నారు. చెయ్యి లాగడం మొదలైనప్పుడు రోజూలా దొడ్డమ్మకి కేకెయ్యకుండా, ఆ పెట్టె వైపు వంగి అన్నాను.

"అమ్మా, బరువుగా ఉంది."

ఇంతేనా అమ్మా అని మేస్త్రీ గారు అడిగేరు. ఆయ్, ఇంతేనండీ అన్నాను. పాపం ఆయనకి ఎంత నిరుత్సాహంగా ఉందో మొహంలోనే కనిపించింది.

ఇంకొకరు సెలవు మీద వస్తూ మరో క్యాసెట్టూ టేప్‌రికార్డరూ తెచ్చేసరికి మా పేటలో వానలు మొదలయ్యాయి. అందులో అమ్మ మామ్మతో మాట్లాడింది, నాన్నతో మాట్లాడింది. తర్వాత చాలాసేపు ఏమీ వినిపించలేదు. టేపు అయిపోయిందనుకుని ఒకరు ఆపబోతే దొడ్డమ్మ వాళ్ళ చెయ్యి పట్టుకుంది. వెనక ఎక్కడో, ఎవరి బిడ్డో ఏడుస్తోంది. అప్పుడు అమ్మ గొంతు, పని మధ్యలో కేకేసినట్టు వచ్చింది.

"ఒక్కడుగు ముందుకొచ్చానమ్మా. ఇప్పుడు తిప్పు."

ఆ సాయంత్రం ప్రార్థనలో మామ్మ అమ్మ పేరు చెప్పినప్పుడు నేను కళ్ళు తెరవలేదు.

అమ్మ తిరిగొచ్చేసరికి నేను పెద్దదాన్నయిపోయాను. ఒకరికొకరం కొత్త. పక్కపక్కనే కూర్చుని బియ్యం ఏరుకునేవాళ్ళం, మర్యాదగా మాట్లాడుకునేవాళ్ళం, పోయిన ఏళ్ళ మాట ఇద్దరం ఎత్తేవాళ్ళం కాదు. నిజంగా వెనక్కి నడిచే వెళ్ళావా అని అడగాలని ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. లేదంటే ఏం చెయ్యాలో తెలియక అడగలేదు.

నేను పిల్లలకి చదువు చెప్పి రిటైరయ్యాను. దొడ్డమ్మ పోయి చాలాకాలమైంది, అమ్మ కూడా పోయింది. ఇప్పుడు మా వైపు రాట్నాలకి మోటార్లు వచ్చేశాయి, ఎవరూ ఎవరికీ కేకెయ్యక్కర్లేదు. సండేస్కూల్లో ఎవరైనా పిల్ల, దేవుడు పలకడేంటండీ అని అడిగితే నాకు పెద్ద జవాబులు రావు. లోపల బరువుగా ఉందామ్మా అని అడుగుతాను. ఉందంటే, ఇంకేం మరి అంటాను. పిల్లలు నన్ను వింతగా చూస్తారు. చూడనీ.

పొద్దున్నే ఒక్కదాన్నే ప్రార్థనకి కూర్చుంటాను. ఈ వయసులో ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంటుంది, దాచుకోవడమెందుకు, చాలా రోజులు భరించలేనంతగా ఉంటుంది. కళ్ళు మూసుకోగానే ఒళ్ళో కుడిచెయ్యి దానంతటదే చిన్నగా తిరుగుతుంది. అమ్మా, బరువుగా ఉంది అంటాను, పైకే అంటాను. ఏ జవాబూ రాదు. బరువు మాత్రం కాస్తయినా తగ్గదు. తగ్గలేదు కదా అని, కళ్ళు తెరవకుండా తిప్పుతూనే ఉంటాను.