జలజిగురు

ఢిల్లీలోని జనక్‌పురి నివాసి పద్మనాభంగారు విశ్రాంత నిఘంటుకర్త. ఏ పరభాషా పదానికైనా తెలుగు కల్పించనిదే ఆయనకు కాఫీ రుచించదు. పసుపుసారం కలిపి, అరిగిన తన మోకాలిలోకి సూదితో ఎక్కించబోయే హైడ్రోజెల్‌కు ‘జలజిగురు’ అని పేరు పెట్టుకున్నారు. ఆ ప్రయోగ చికిత్సలో చేరడానికి ఆనాడే ఆఖరు గడువు. ఆసుపత్రి కౌంటరుకు చేతికర్ర ఆనించి, కళ్లద్దాలు సవరించుకొని, “జలజిగురు” అని గంభీరంగా పలికారు.

“జిగర్ జల్ రహా హై, అంకుల్?” అంటూ కౌంటరులోని అమ్మాయి, కాలేయం మండుతోందనుకొని, కాలేయ విభాగానికి చీటీ రాసింది. పొరపాటు తెలిసి ఆయన కుంటుతూ మోకాళ్ల విభాగం చేరేసరికి తలుపు మూస్తున్నారు.

“క్యా లగ్‌వానా హై, అంకుల్?” ఏం వేయించుకోవాలని తలుపు దగ్గరి కుర్రాడు అడిగాడు.

పద్మనాభంగారు తల దించుకొన్నారు. “హల్దీవాలీ సూయీ, భయ్యా,” అని పసుపు సూదిని హిందీలోనే అడిగారు.

తలుపు తెరుచుకుంది. ఇంటికి వచ్చి, తన పదాల పుస్తకంలో ఇలా చేర్చారు: “జలజిగురు: ఢిల్లీలో కాలేయవ్యాధి.”