బ్రాకెన్ ఫెర్రీ వారి మూడో రికార్డు

బందరు నుంచి అరబ్బు దేశానికి వచ్చిన నోవహు, రూవి అనే ఊళ్ళో ఒక ఆసుపత్రిలో ఎక్స్‌రే టెక్నీషియన్. అతని భార్య దెబోరా అక్కడే స్టాఫ్‌నర్సు. 1973లో ఒక అమెరికన్ భూగర్భ శాస్త్రజ్ఞుడు స్వదేశానికి వెళ్తూ తన రికార్డ్ ప్లేయరునూ, బ్రాకెన్ ఫెర్రీ అనే బృందం వారి నాలుగు రికార్డులనూ నోవహుకు ఇచ్చాడు.

ఆ బృందంలో ముగ్గురు పురుషులు, ఒక స్త్రీ. 1965లో వచ్చిన మొదటి రికార్డులో పాత జానపద గీతాలకు ఎలక్ట్రిక్ గిటార్లు జోడించారు. రెండోదానిలో సొంత పాటలు మొదలయ్యాయి. మూడోదానిలో పన్నెండు తీగల గిటారు ఆ స్త్రీ గొంతుకన్నా పై స్థాయిలో నడుస్తుంది. దాన్ని వాయించిన మనిషి విడిపోయాక, 1968లో వచ్చిన నాలుగోది పేలవంగా ఉంది. అదే చివరిది. ప్రతి శుక్రవారం నోవహు మూడోదాన్నే పెట్టేవాడు.

“మళ్ళీ వచ్చారా మీ అమెరికా చుట్టాలు?” అనేది దెబోరా. “వంట కూడా వాళ్ళనే చెయ్యమనండి.”

“వాళ్ళకి చేపల పులుసు రాదే!”

మరుసటి ఏడు అతనికి క్షయ సోకింది. మొదట వాడిన మందులకు వ్యాధి లొంగకపోవడంతో డాక్టర్ ఖమరుద్దీన్ కనామైసిన్ ఇంజెక్షన్లు రాశారు. రోజూ డ్యూటీకి వెళ్ళేముందు దెబోరాయే ఇంట్లో చేసేది.

కొన్ని వారాలకు నోవహు ప్లేయరుకు కొత్త ముల్లు కొన్నాడు. అయినా గిటారు స్పష్టంగా పలకలేదు. రికార్డును వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూశాడు.

“గాడులు అరిగిపోయాయి దెబోరా. పై తీగలు వినిపించడం లేదు.”

రికార్డు అరిగితే మొదట పోయేవి పై స్థాయి ధ్వనులే. అతని తర్కంలో దోషం లేదు. కానీ వంటగదిలో ఉన్న దెబోరాకు ఆ తీగలు ఒక్కొక్కటే స్పష్టంగా వినిపిస్తున్నాయి. ఆమె స్టవ్ ఆర్పి వచ్చి, తన చేతి గడియారం విప్పి అతని చెవి దగ్గర పెట్టింది.

“ఏం వినిపిస్తోందండీ?”

“ఇదీ ఆగిపోయిందా?”

గడియారం నడుస్తూనే ఉంది.

“మందు మార్చలేమా డాక్టరుగారూ?” అని ఆమె ఆసుపత్రిలో అడిగింది.

“మార్చడానికి మన దగ్గర ఇంకేదీ లేదు సిస్టర్. ఇది ఆపితే మనిషి దక్కడు. కొనసాగిస్తే చెవులు పోవచ్చు.”

ఆ మాట రాత్రే భర్తకు చెప్పింది. మర్నాడు సిరంజి నింపి ఆమె నిలబడిపోయింది.

“నా చేత్తో చెయ్యలేనండీ. ఇంకొకర్ని పిలుస్తాను.”

“వాళ్ళు మొరటుగా పొడుస్తారు. నువ్వే కానీ,” అని అతను పక్కకు తిరిగి పడుకున్నాడు.

ఆమె చేసింది. ఆ తర్వాత కూడా, చికిత్స ముగిసేదాకా, ఆమే చేసింది. చివరి పరీక్షలో కఫంలో క్రిములు లేవు. ఎక్స్‌రే ఫిల్ములో నీడ ఉన్నచోట సన్నని మచ్చ మిగిలింది. అప్పటికి దెబోరా అతనికి ఏం చెప్పాలన్నా ఎదురుగా నిలబడి, పెదవులు నెమ్మదిగా కదపవలసి వచ్చేది.

ఒక శుక్రవారం మూడో రికార్డు పెట్టమని ఆమెను అడిగాడు. పెట్టింది. అతను కళ్ళు మూసుకుని బల్లమీద వేలితో తాళం వేయసాగాడు. మొదటివైపు పాటలన్నీ అయిపోయి, ప్లేయరు చెయ్యి పైకి లేచి పక్కకు వెళ్ళింది. అతని వేలు అదే లయలో కదులుతూనే ఉంది. అది ఆగేదాకా దెబోరా రికార్డు తిప్పలేదు.